లారీ నీటిదారిలో చిక్కిన గాలి

మన యింటికి వచ్చు బియ్యపు బస్తా, ఉల్లిగడ్డలు, సిమెంటు, మందుల పెట్టె, ఇవి యన్నియు ఏదో యొక దినమున లారీ మీద ప్రయాణము చేసినవే. ఆ లారీ వేళకు వచ్చుచున్నంతకాలము దానిని గూర్చి యెవరును తలంపరు. వేసవి మధ్యాహ్నమున బాట ప్రక్కన క్యాబిను ముందునకు వంచి, ఆవిరులు గ్రక్కుచు నిలిచిన లారీని చూచినప్పుడు మాత్రము, "పాపము, ఇంజను హీటెక్కినట్లున్నది" అనుకొని సాగిపోవుదుము. ఆ లారీ వెనుక ఒక డ్రైవరు, ఒక క్లీనరు, నెలనెలా వాయిదా కట్టవలసిన ఒక కుటుంబము ఉన్నవి. ఇంజను అట్లు వేడెక్కుటకు కారణములు పెక్కు గలవు. వానిలో కంటికి కనబడక, తన నేరమును ఇతరుల మీదికి నెట్టునది యొకటి గలదు. అది గాలి.

లారీల వాడుకలో దీనిని "గాలి పట్టింది" అందురు. డీజిలు గొట్టములలో పట్టు గాలి వేరు. ఈ ప్రసంగమున మేము చెప్పబోవునది ఇంజనును చల్లబరచు నీటిలో చిక్కుకొను గాలిని గూర్చి. ఆ నీరే క్యాబినులోని హీటరునకును పోవును గనుక హీటరు కథయు ఇందులో కలిసియుండును. గాలి చిక్కినదని పోల్చుట యెట్లు, అది యెచ్చటి నుండి వచ్చినదో తెలిసికొనుట యెట్లు, ఈ రెండును తెలిసినచో దింపనక్కరలేని హెడ్డును దింపుట, మార్చనక్కరలేని రేడియేటరును మార్చుట తప్పును.

ముందుగా నీరు నడచు దారిని చూతము. డీజిలు ఇంజనులో నూనె కాలగా పుట్టు వేడిలో సగము కంటె తక్కువ భాగమే చక్రములను త్రిప్పు పనికి వచ్చును. తక్కినదానిలో కొంత పొగగొట్టము గుండ పోవును. మిగిలినది ఇంజను లోహములో చేరును. దానిని ఎప్పటికప్పుడు తీసివేయనిచో పిస్టనులు బోరులో పట్టివేయును. ఆ వేడిని మోసికొనిపోవునది నీరు. వాటర్ పంపు, మన షెడ్డులలో దీనినే వాటర్ బాడీ యనుటయు గలదు, నీటిని బ్లాకులోనికి నెట్టును. నీరు లైనరుల చుట్టును తిరిగి, హెడ్డులోనికి ఎక్కి, థర్మోస్టాటు అను వాల్వు వద్దకు చేరును. ఇంజను చల్లగా నున్నంతసేపు ఆ వాల్వు మూసికొనియుండి నీటిని దగ్గరి దారిన మరల పంపు వద్దకే పంపును. నీరు సుమారు 80 డిగ్రీలు దాటిన పిమ్మట వాల్వు తెరచుకొనును. అప్పుడు నీరు రేడియేటరులోని సన్నని గొట్టములలో దిగుచు, ఫ్యాను గాలికి చల్లబడి, క్రింది హోసు ద్వారా పంపును చేరును. హీటరు గల లారీలలో ఇంజను నుండి ఒక పాయ క్యాబినులోని చిన్న రేడియేటరు వంటి దానిలోనికి పోయి, అచ్చట వేడిని విడిచి, పంపు పీల్చు వైపునకు తిరిగి వచ్చును.

ఈ దారి యంతయు నీటితో నిండియుండవలెను. గాలి నీటికంటె తేలిక గనుక ఎత్తైన చోటును వెదకికొని అచ్చట తిష్ఠ వేయును. మెడ సన్నని కడవను నీటిలో ముంచినప్పుడు బుడబుడమను శబ్దము మన మందరము వినియున్నాము. లోనికి నీరు పోవలెనన్న లోపలి గాలి బయటికి రావలెను. కడవను తలక్రిందులుగా ముంచినచో గాలికి దారి లేదు గనుక నీరు నిండదు. ఇంజనులో అట్టి తలక్రిందుల కడవలు రెండు మూడు గలవు. హెడ్డు పైభాగము ఒకటి, థర్మోస్టాటు ఉండు గూడు ఒకటి, హీటరు మరియొకటి. క్యాబిను క్రిందనే ఇంజను గల లారీలలో హీటరు ఇంజనుకంటె ఎత్తున నుండును. కావున గాలికి అది ఇష్టమైన స్థానము.

గాలి కొంచెము చిక్కినంత మాత్రమున నష్టమేమి అని అడుగవచ్చును. ఇడ్లీపాత్ర అడుగున నీరున్నంతవరకు పాత్రకు భయము లేదు. నీరు ఇగిరిన కొంతసేపటికే అడుగు మాడును. ఇంజనులోను అంతే. కదలక నిలిచిన గాలి, నీటితో పోల్చిచూడగా ఇరువది రెట్లకు పైగా తక్కువగా వేడిని ప్రసరింపజేయును. హెడ్డులో వాల్వుల నడుమ నుండు పలుచని లోహమునకు నీరు తగులక గాలి తగిలినచో, ఆ ఒక్క చోట వేడి అమితముగా పెరుగును. అక్కడికి చేరిన నీటిచుక్క ఆవిరియై, ఉన్న బుడగను మరింత పెంచును. హెడ్డు వంగుట, పగులుట, గ్యాస్కెట్టు కాలుట ఇట్లే మొదలగును. పంపు సంగతియు నట్టిదే. దాని రెక్కలు నీటిని నెట్టుటకు చేసినవి. గాలి చేరినచో అవి వట్టిగా తిరుగును. మిద్దెమీది ట్యాంకు నిండుగా నున్నను గొట్టములో గాలి అడ్డుపడి కుళాయి బుస్సుమనుచు నీరు రాకుండుట మన యిండ్లలో చూచుచున్నదే.

ఇచ్చట మూతను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. రేడియేటరు మీదనో, నీటి ట్యాంకు మీదనో ఉండు మూత ప్రెషరు కుక్కరు మీది వెయిటు వంటిది. లోపల కొంత ఒత్తిడిని నిలిపి, నీరు 100 డిగ్రీలకే మరుగకుండ కాపాడును. సగము నీరు, సగము ఇథిలీను గ్లైకాలు గల కూలెంటు మూత లేకయే సుమారు 107 డిగ్రీల వరకు మరుగదు. మూత బిగించిన పిమ్మట ఆ హద్దు ఇంకను పైకి జరుగును. కొండలమీద మూత విలువ మరింత తెలియును. లడఖులోని లేహ్ పట్టణము సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట తెరచిన పాత్రలో నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగును. 5,359 మీటర్ల ఎత్తున నున్న ఖార్దుంగ్ లా కనుమ వద్ద 82, 83 డిగ్రీలకే మరుగును. థర్మోస్టాటు తెరచుకొను వేడియు ఇంచుమించుగా అంతే. అనగా మూత రబ్బరు చెడిన లారీ అచ్చట చేరునప్పటికి, రేడియేటరు దారి తెరచుకొనుటయు నీరు మరుగుటయు ఒక్కమారే జరుగును. మూత ఖరీదు స్వల్పము. దాని వలన కలుగు నష్టము ఇంజనంత.

గాలి చేయు మాయలలో అన్నిటికంటె అపాయకరమైనది మీటరును మోసగించుట. వేడిని కొలుచు సెన్సారు నీటిలో మునిగియుండవలెను. దాని చుట్టును గాలి చేరినచో అది నీటి వేడిని చెప్పదు. ముల్లు ఉన్నట్టుండి పైకి లేచి, మరల దిగును. ఒక్కొక్కప్పుడు నీరు బొత్తిగా తగ్గిపోయి, ఇంజను మాడుచున్నను ముల్లు క్రిందనే యుండును. డ్రైవరు దానిని చూచి ధైర్యముగా నడుపును. కావున ముల్లు ఎక్కుటయే కాక, అకారణముగా దిగుటయు అనుమానింపదగినదే. ఘాటు ఎక్కుచుండగా వేడి తగ్గినట్లు చూపు మీటరును నమ్మరాదు.

ఇక గుర్తులు. గాలి చిక్కినదని మొదట సాక్ష్యము చెప్పునది తరచుగా హీటరు. ఇంజను స్టార్టు చేసినప్పుడు డ్యాషుబోర్డు వెనుక గుడగుడమని నీరు పొర్లు శబ్దము వినబడును. హీటరు వేయగా, రేసు ఇచ్చినప్పుడు వేడిగాలి వచ్చి, కాలు తీయగానే చల్లగాలి వచ్చును. పంపు వేగముగా తిరిగినప్పుడు నీరు గాలిని త్రోసికొని ఎక్కుటయు, వేగము తగ్గగానే వెనుకకు జారుటయు దీనికి హేతువు. హీటరునకు పోవు హోసులు రెండింటిని జాగ్రత్తగా తాకి చూచిన, ఒకటి కాలుచు, రెండవది చల్లగా నుండును. రేడియేటరు పై హోసును నొక్కినచో నీటి బరువు తెలియక బోలుగా నుండును. ట్యాంకులో నీరు వేడిమీద పొంగి, చల్లబడిన పిమ్మట గీత క్రిందికి దిగును. చుక్క నీరు కారిన జాడ మాత్రము ఎచ్చటను కనబడదు.

ఈ గుర్తులలో ఏ యొక్కదానిని పట్టుకొనియు తీర్పు చెప్పరాదు. హీటరు చల్లగా నుండుటకు గాలియే కారణము కానక్కరలేదు. నీరు తక్కువైనను అట్లే యగును. కావున ముందు ట్యాంకులో గీత చూడవలెను. హీటరు లోపలి గొట్టములు తుప్పుతో, బోరునీటి సున్నముతో పూడినను హోసు ఒకటి వేడిగా, ఒకటి చల్లగా నుండును. అయితే అప్పుడు గుడగుడ యుండదు, రేసు ఇచ్చినను పెద్ద భేదము కనబడదు. హీటరు వాల్వు తెరచుకొనకున్న రెండవ హోసునకు వేడియే యందదు. థర్మోస్టాటు మూసికొనిపోయినచో ఇంజను కాలుచుండ రేడియేటరు క్రింది భాగము చల్లగా నుండును. థర్మోస్టాటు తెరచుకొనియే యుండిపోయినచో ఇంజనును హీటరును రెండును వేడెక్కవు. గుడగుడ శబ్దము, వేగముతో మారు హీటరు, తడబడు ముల్లు, ఈ మూడును కలిసి కనబడినప్పుడు గాలి యనుట సమంజసము.

గాలి యున్నదని తేలినంతనే పని ముగిసినదని పలువురు తలంతురు. గాలి తీసి, నీరు పోసి, లారీని పంపివేయుదురు. అసలు ప్రశ్న అప్పుడే మొదలగును. ఈ గాలి లోనికి ఎట్లు వచ్చినది? వచ్చుటకు దారులు మూడు. నీరు నింపునప్పుడే లోపల మిగిలిపోవుట మొదటిది. పంపు పీల్చుటవలన బయటి నుండి చొరబడుట రెండవది. ఒత్తిడితో లోపలి నుండి నెట్టబడుట మూడవది. ఈ మూడింటిని వేరుపరచుటకు గొప్ప పరికరముతో పని లేదు, కాలమే చాలును. మిగిలిపోయిన గాలి తీయగా తీయగా తరుగును. వచ్చుచున్న గాలి ఎంత తీసినను తరుగదు. ఈ యొక్క సూత్రము గుర్తున్నచో సగము రోగనిర్ణయము అయినట్లే.

మొదటిది మిక్కిలి సామాన్యమైనది. హోసు మార్చిన పిమ్మట, రేడియేటరు కడిగిన పిమ్మట, పంపు బిగించిన పిమ్మట వచ్చు గాలి యిది. నీటిని బక్కెట్టుతో ఒక్కమారు కుమ్మరించిన గాలి లోపలనే చిక్కును. ఇంజను చల్లగా నుండగా, నీరు పోయు నోరు తక్కిన భాగములన్నిటి కంటె ఎత్తున నుండునట్లు లారీని నిలుపవలెను. హీటరు నాబును పూర్తిగా వేడివైపునకు త్రిప్పవలెను. లేనిచో కొన్ని లారీలలో హీటరులోని గాలికి బయటపడు దారి యుండదు. గాలి వదలుటకు థర్మోస్టాటు గూడు మీద, హీటరు గొట్టము మీద చిన్న స్క్రూలు ఉన్నచో వానిని వదులు చేయవలెను. నీటిని సన్నధారగా పోయుచు, స్క్రూ వద్ద బుడగలు ఆగి నిండుధార వచ్చిన పిమ్మట బిగింపవలెను. తరువాత ఇంజనును తిన్నగా నడిపి, థర్మోస్టాటు తెరచుకొని పై హోసు, క్రింది హోసు రెండును వేడెక్కువరకు వేచియుండవలెను. పూర్తిగా చల్లారిన పిమ్మట గీత చూచి తక్కువైనంత పోయవలెను. ఒకటి రెండు దినములు ఇట్లు చూచుకొన్నచో మిగిలిన కొద్ది గాలియు వెడలిపోవును. కంపెనీవారి పుస్తకములో వేరు పద్ధతి చెప్పియున్న, దానినే అనుసరింపవలెను.

ఇచ్చట తరచుగా ఏమరుపాటున పోవు వస్తువులు రెండు. రేడియేటరు పైభాగము నుండియు, ఇంజను నుండియు ట్యాంకునకు పోవు సన్నని గాలి గొట్టము ఒకటి. పెన్సిలు లావైనను లేని ఆ గొట్టమే గాలి బయటపడు రాజమార్గము. ఊరూర దొరకిన బోరునీరు పోయుటవలన అది పూడిపోవును. దానిని ఊడదీసి, ఊది చూచువారు అరుదు. రెండవది థర్మోస్టాటు అంచున నుండు చిన్న రంధ్రము. అది పైవైపునకు వచ్చునట్లు బిగించినచో గాలి దాని గుండ తప్పించుకొనును. క్రిందివైపునకు బిగించినచో ఆ రంధ్రము ఉండియు లేనట్లే.

రెండవ దారి, చొరబడు గాలి. పంపు నీటిని పీల్చుకొను వైపున, అనగా క్రింది హోసు ప్రాంతమున, ఒత్తిడి తక్కువగా నుండును. అచ్చట క్లిప్పు వదులైనను, హోసు నెరియ విచ్చినను, పంపు సీలు అరిగినను, ఇంజను వేగముగా తిరుగునప్పుడు నీరు బయటికి కారుటకు మారుగా గాలి లోనికి పోవును. కావుననే నీటిమరక కనబడదు. ఇంజను ఆపి, చల్లబడిన పిమ్మట చూచినచో ఆ చోట తెల్లనిదో రంగుదో పొడి కట్టియుండును. ఉదయమున పంపు క్రింద ఒకటి రెండు చుక్కలు కనబడును. మూతలోని చిన్న వాల్వు, దాని నుండి సీసాకు పోవు గొట్టము చెడినను ఇదే జరుగును. ఇంజను చల్లారుచు సీసాలోని నీటిని వెనుకకు పీల్చుకొనవలసినది, గొట్టము చిల్లి గుండ గాలిని పీల్చుకొనును. సీసాలో నీరు నిండుగానే యుండును. లోపల మాత్రము తక్కువ పడును. దీనికి చికిత్స హోసు, క్లిప్పు, మూత. పెద్ద ఖర్చు లేదు.

మూడవ దారి, నెట్టబడు గాలి. ఇది గంభీరమైనది. సిలిండరులో నూనె మండునప్పుడు పుట్టు ఒత్తిడి అమితమైనది. హెడ్డు గ్యాస్కెట్టు కాలినను, హెడ్డు పగిలినను, లైనరునకు చిల్లి పడినను ఆ వాయువు నీటిలోనికి దూరును. రాత్రి యంతయు చల్లారిన ఇంజను మూతను తెల్లవారి తీసినప్పుడు బుస్సుమని ఒత్తిడి వెడలుట మంచి గుర్తు కాదు. చల్లారిన నీటిలో ఒత్తిడి యుండుటకు వేడి కారణము కాజాలదు. ఎవరో వాయువును నింపినట్లే. అట్లే, చల్లని ఇంజనును స్టార్టు చేసిన ఒకటి రెండు నిమిషములలో, నీరు ఇంకను వేడెక్కకమునుపే, పై హోసు రాయివలె బిగిసినచో వాయువు చొచ్చుచున్నదని అనుకొనవలెను. దీనిని నిర్ధారించుటకు షెడ్డులలో నీలిరంగు ద్రవము గల గొట్టమును వాడుదురు. ట్యాంకు నోటి వద్ద చేరు గాలిని దాని గుండ పీల్చగా, అందులో మంట వాయువు ఉన్నచో నీలిరంగు మారును. లేనిచో నీలిరంగు నిలిచియుండును.

ఈ చోటనే లారీకి, కారునకు గల భేదము నొకదానిని చెప్పవలెను. లారీ బ్రేకులు గాలితో పనిచేయును. ఆ గాలిని నింపుటకు ఇంజను ప్రక్కన ఒక కంప్రెసరు ఉండును. పలు లారీలలో ఆ కంప్రెసరు హెడ్డును చల్లబరచుటకు ఇంజను నీరే దాని గుండ తిరుగును. కంప్రెసరు గ్యాస్కెట్టు చెడినచో, బ్రేకులకు పోవలసిన గాలిలో కొంత నీటిలోనికి పోవును. బుడగలు వచ్చును, నీరు పొంగును, హోసు బిగియును. చూచువారికి ఇంజను గ్యాస్కెట్టు పోయినట్లే తోచును. హెడ్డు దింపుదురు, చదును చేయింతురు, క్రొత్త గ్యాస్కెట్టు వేయుదురు. లారీ బయలుదేరిన మరునాడే మరల నీరు పొంగును. మాకు తెలిసిన ఒక లారీకి ఇట్లే రెండుమారులు హెడ్డు దింపిరి. మూడవ షెడ్డులో ఒక వృద్ధ మేస్త్రీ ఏమియు విప్పక, ట్యాంకు మూత తీయించి, చల్లని ఇంజనును నడిపించి, బుడగలను చూచుచు కూర్చుండెను. బ్రేకు ట్యాంకులలో గాలి నిండుచున్నంతసేపు బుడగలు వచ్చినవి. గాలి నిండి, కంప్రెసరు బరువు వదలి వట్టిగా తిరుగ నారంభించగానే బుడగలు ఆగినవి. బ్రేకు తొక్కించి గాలి ఖర్చు చేయించగా మరల వచ్చినవి. ఇంజను గ్యాస్కెట్టు దోషమే యైనచో బ్రేకు ట్యాంకు నిండుటతో దానికి సంబంధమేమి? కంప్రెసరునకు పోవు నీటి గొట్టములను తాత్కాలికముగా తప్పించి చూడగా అనుమానము పూర్తిగా తీరినది. నీలి ద్రవము సైతము ఇచ్చట మనకు సహాయపడును. కంప్రెసరు పంపునది మంట వాయువు కాదు, వట్టి గాలి. కావున బుడగలు వచ్చుచున్నను రంగు మారదు. బుడగలు ఆగక, రంగును మారక యున్నచో హెడ్డు విప్పుటకు ముందు కంప్రెసరు వైపు చూడవలెను.

నిర్ణయము తెలియనప్పుడు బాటమీద చేయు కొన్ని పనులు రోగముకంటె చెరుపైనవి. థర్మోస్టాటును పీకి పారవేయుట వానిలో నొకటి. చాల ఇంజనులలో ఆ వాల్వు తెరచుకొనునప్పుడే దగ్గరి దారిని మూయును. దానిని తీసివేసినచో వేడినీటిలో కొంత రేడియేటరునకు పోకయే తిరుగును. ఘాటులో ఇంజను మరింత వేడెక్కును, చలిలో అసలే వేడెక్కదు. 2020 ఏప్రిలు 1 నుండి వచ్చిన బి.ఎస్. 6 లారీలలో ఈ నీటికి పనులు పెరిగినవి. పొగను శుభ్రపరచుటకు యూరియా ద్రవమును చిమ్ము పరికరమును సైతము పలు లారీలలో ఈ నీరే చల్లబరచును. అట్టి లారీలలో దారి మార్చి, వాల్వు తీసి చేయు చిట్కాలు ఖరీదైన వస్తువులకు చేటు తెచ్చును. మరుగుచున్న ఇంజనుమీద చన్నీరు కుమ్మరించుట మరియొక తప్పు. వేడి హెడ్డు ఒక్కసారిగా చల్లబడి పగులును.

అన్నిటికంటె ఘోరమైనది వేడిమీద మూత తీయుట. మూత క్రింది నీరు 100 డిగ్రీలు దాటియు, ఒత్తిడివలన మరుగక నిలిచియుండును. మూత తీసిన క్షణమున ఒత్తిడి పోవును. నీటిలో కొంత భాగము ఒక్కసారిగా ఆవిరి యగును. ఆవిరి నీటికంటె 1,600 రెట్లు మించిన చోటు నాక్రమించును. ఆ వేగమునకు వేడినీరు ముఖము మీదికి, మెడ మీదికి, చేతుల మీదికి ఎగయును. ఈ పని సాధారణముగా పడునది క్లీనరు కుర్రవాని మీద. రెంటచింతల ఎండలో లోడు వేళకు చేర్చవలెనన్న తొందరలో అర్ధగంట ఆగుట కష్టముగా తోచును. కాలిన ముఖము మానుటకు ఎన్ని నెలలు పట్టునో ఎవరును చెప్పలేరు. పై హోసును ఒట్టి చేతితో పట్టుకొనగలిగినంత చల్లబడిన పిమ్మటనే, మందపాటి గుడ్డ వేసి, ముఖము ప్రక్కకు త్రిప్పుకొని, మూతను కొంచెముగా త్రిప్పి, ఒత్తిడి పోనిచ్చి, తరువాత పూర్తిగా తీయవలెను. కాలినచో 20 నిమిషములపాటు చల్లని నీటిధార క్రింద నుంచి, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. సిరా, టూత్‌పేస్టు, నేయి వంటివి పూయరాదు.

హీటరునకు సంబంధించిన ప్రాణాపాయ మొకటి చెప్పక విడువరాదు. మన మైదానములలో హీటరు లేకున్నను లోటు తోచదు. నిజమునకు అది యున్న లారీలో ఘాటు ఎక్కునప్పుడు ఇంజను వేడి పెరిగినచో హీటరును పూర్తిగా వేసి, కిటికీలు తెరచి, లారీని ఒక ప్రక్కకు చేర్చువరకు కొంత వేడిని దాని ద్వారా దింపవచ్చును. చలిదేశమున సంగతి వేరు. కాశ్మీరునకో, లడఖునకో లోడు తీసికొనిపోయిన మనవారు, గాలి పట్టి హీటరు పనిచేయని రాత్రి, అద్దములు బిగించుకొని క్యాబినులో స్టవ్వో, బొగ్గుల కుంపటియో వెలిగించుకొని పండుకొనుటకు ఆశపడవచ్చును. మూసిన గదిలో అట్టి మంట కార్బను మోనాక్సైడు అను విషవాయువును పుట్టించును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో నున్నవారు మేల్కొనకయే ప్రాణములు కోల్పోవుదురు. కావున హీటరులోని గాలిని ఉత్తరాదికి బయలుదేరుటకు ముందే, మన విజయవాడ ఆటోనగరులోనో, మరియొక చోటనో తీయించుకొనుట విలాసము కాదు. ఆ నీటిలో కూలెంటు పాలు సరిగా నున్నదో లేదో చూచుటయు అప్పటి పనియే. సగము గ్లైకాలు గల మిశ్రమము సున్నకు దిగువ సుమారు 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. వట్టి నీరు సున్న వద్దనే గడ్డకట్టి బ్లాకును పగులదీయును.

లారీ యజమానులకును, వారి యింటివారికిని ఒక మనవి. లారీ హీటెక్కినదని డ్రైవరు ఫోను చేసినప్పుడు, "ఎట్లయినను లోడు చేర్చుము" అను మాట తొందరపడి అనవలదు. ఆ మాట ఒక హెడ్డు ఖరీదు చేయవచ్చును. అంతకు మించినదియు చేయవచ్చును. బదులుగా నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఇటీవల నీటిదారిలో ఏదైన విప్పిరా? తెల్లవారి చల్లని ఇంజను మూత తీసినప్పుడు బుస్సుమన్నదా? బుడగలు కొంతసేపటికి తరుగుచున్నవా, ఎప్పటికిని తరుగకున్నవా? బ్రేకు గాలి నిండిన పిమ్మట అవి ఆగుచున్నవా? ఈ నాలుగింటికి జవాబు తెలిసిన మేస్త్రీకి ఏ వైపు చేయి చాపవలెనో తెలిసినట్లే. షెడ్డులో ఒక పూట బుడగలను చూచుచు కూర్చుండిన మనుష్యుని చూచి పని చేయుట లేదని విసుగుకొనకుడు. నట్టు విప్పుటకు ముందు అతడు చేయుచున్న ఆ పనికే అందరికంటె ఎక్కువ కూలి ఇయ్యదగును.